స్కూల్ ముందు బండ్లు ఆపేదెవరు? జూబ్లీహిల్స్‌లో పిల్లల కోసం క్రాసింగ్ గార్డులు సాధ్యమేనా?

పొద్దున 8 గంటలు. ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ రోడ్ నెం. 71 వైపు వెళ్లేవాళ్లకి ఆ సీన్ తెలిసిందే. ఒకపక్క స్కూల్ బస్సులు, ఒకపక్క తల్లిదండ్రుల కార్లు, మధ్యలో షూటింగ్‌కి లేటవుతోందని హారన్ కొట్టే వ్యాన్లు. వాటి మధ్యలోంచి బ్యాగు మోసుకుంటూ రోడ్డు దాటే పిల్లలు. చాలాచోట్ల వాళ్లకి దిక్కు స్కూల్ సెక్యూరిటీ గార్డు విజిలే.

అసలు సమస్య ఇక్కడే ఉంది. ఆ విజిల్ వినాలని చట్టం ఎక్కడా చెప్పలేదు.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 119 ప్రకారం ట్రాఫిక్ సిగ్నల్‌కి, ట్రాఫిక్ డ్యూటీలో ఉన్న పోలీసుకి డ్రైవర్ లోబడాలి. సెక్షన్ 132 ఇంకా ఆసక్తికరం. వాహనాన్ని చూసి పశువు బెదురుతోందని దాన్ని తోలుకెళ్లే మనిషి ఆపమంటే, బండి ఆపాల్సిందే. ఈ రెండు సెక్షన్లలోనూ స్కూల్ గార్డు ప్రస్తావన మాత్రం లేదు.

బ్రిటన్‌లో 1953లోనే దీనికి ప్రత్యేక చట్టం వచ్చింది. 'లాలీపాప్' బోర్డు పట్టుకుని నిలబడే గార్డు ఆపమంటే ఆగకపోవడం అక్కడ నేరం. జపాన్ రాజధాని టోక్యోలో 1959లో మహిళలను జీతమిచ్చి ఈ పనిలో పెట్టారు. భర్త చనిపోయిన ఆడవాళ్లకి ఉపాధి చూపించడం కూడా అప్పట్లో దాని ఉద్దేశం.

మన దగ్గర మనుషులు లేరా?

ఉన్నారు. 2024 డిసెంబర్‌లో హైదరాబాద్ గోషామహల్‌లో ట్రాన్స్‌జెండర్లకు పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ లాంటి పరీక్షలు పెట్టి 44 మందిని ట్రాఫిక్ అసిస్టెంట్లుగా ఎంపిక చేశారు. శిక్షణ తర్వాత అదే నెలలో 39 మంది డ్యూటీలో చేరారు. నిన్నటిదాకా సిగ్నళ్ల దగ్గర చేయి చాచారంటూ చిన్నచూపు చూసిన నగరమే, ఇప్పుడు వాళ్లు చేయి చూపిస్తే ఆగుతోంది. యూనిఫాం, వెనకాల పోలీసు శాఖ ఉంటే సామాన్య మనిషి మాట కూడా రోడ్డు మీద చెల్లుతుందని దీంతో తేలింది. స్కూల్ గేట్లకి కావాల్సింది కూడా ఇదే.

ఖర్చు ఎంత?

తెలంగాణలో హోంగార్డు రోజు భత్యాన్ని 921 రూపాయల నుంచి 1,000కి పెంచుతున్నట్టు 2024 డిసెంబర్‌లో ప్రభుత్వం ప్రకటించింది. అదే లెక్కన ఒక స్కూల్ దగ్గర ఇద్దరు, ఏడాదికి 220 రోజులు అనుకుంటే 4 లక్షల 40 వేలు. జూబ్లీహిల్స్ పెద్ద స్కూళ్లకి ఇది భారం కాదు. బస్తీల్లోని సర్కారు బడికి మాత్రం భారమే. అందుకే స్కూళ్లే పెట్టుకోవాలని వదిలేస్తే, కార్లో దిగే పిల్లలకి గార్డు ఉంటాడు, నడిచొచ్చే పిల్లలకి ఉండడు. నిజానికి ప్రమాదం ఎక్కువ ఉన్నది నడిచేవాళ్లకే. దేశంలో 2022 ఒక్క ఏడాదిలోనే రోడ్డు ప్రమాదాల్లో 32 వేల మందికి పైగా పాదచారులు చనిపోయారు.

కాంట్రాక్టుతో చిక్కు

బ్రిటన్‌లో గార్డుకి అధికారం ఇచ్చారు గానీ, గార్డుని పెట్టడం స్థానిక కౌన్సిళ్లకి తప్పనిసరి చేయలేదు. ఫలితంగా బడ్జెట్ తగ్గినప్పుడు చాలాచోట్ల ఈ పోస్టుల మీద వేటు పడింది. ఇక్కడ కూడా ఏజెన్సీకి కాంట్రాక్టు ఇచ్చి చేతులు దులుపుకుంటే అదే జరుగుతుంది. జీతం రెండు నెలలు ఆగితే మూడో నెల గేటు దగ్గర ఎవరూ ఉండరు.

కాబట్టి గార్డులను పెడితే సరిపోదు. ట్రాఫిక్ పోలీసుల కింద డ్యూటీ, ఆపమనే అధికారం, నెలనెలా జీతం, మొదటి విడతలోనే సర్కారు బడులు... ఈ నాలుగూ రాతపూర్వకంగా ఉండాలి. లేదంటే పిల్లల చేతిలో మిగిలేది మళ్లీ ఆ విజిల్ ఒక్కటే.