చార్మినార్ చూశారు సరే, చౌరస్తా చూశారా?

మొన్న బందరు నుంచి నా దోస్త్ ఒకాయన వచ్చాడు. డిగ్రీలో ఇద్దరం కలిసి తెలుగు సాహిత్యం చదువుకున్నాం. చార్మినార్ చూపించమన్నాడు. మొదటి అంతస్తు దాకా ఎక్కి, ఆ ఇరుకు మెలికల మెట్లు దిగొచ్చి, చెమట తుడుచుకుంటూ అన్నాడు: "ఇంతేనా భాయ్? ఈ బండ్లన్నీ తీసేస్తే ఎంత నీట్‌గా ఉంటుందో!"

మెహమాన్ కదా, నోరు మూసుకున్నా. ఇరానీ చాయ్ తాగించి పంపించా. కానీ ఈ శికాయత్ ఆయనొక్కడిదే కాదు. వచ్చిన ప్రతి ముసాఫిర్ ఇదే అంటాడు. అందుకే ఈ జవాబ్.

జనాబ్, చార్మినార్ మక్బరా కాదు, గొంతు తగ్గించి చుట్టూ తిరిగి రావడానికి. ఖిల్లా కూడా కాదు. అది చౌరస్తా. 1591లో, గోల్కొండ ఇరుకైపోతే, ముహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా మూసీకి ఇవతల కొత్త షహర్ కడుతూ దాని నడిబొడ్డున దీన్ని నిలబెట్టాడు. నాలుగు దిక్కులా బార్లా తెరిచిన కమాన్లు, వాటికెదురుగా నాలుగు దారులు. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు సాగిన తిజారత్ దారి ఇదే. నా దోస్త్ ఊరి పేరే ఫార్సీ మాట: బందర్ అంటే రేవు. అంటే బజార్ తర్వాతెప్పుడో వచ్చి అతుక్కున్న మురికి కాదు, మొదటి నక్షాలోనే ఉంది. బజార్ లేని చార్మినార్ కావాలనడం, పడవల్లేని రేవు కావాలనడమే.

ఒక మాట ఒప్పుకుంటా. కట్టడానికి ఖతరా ఉంది. 2019లో ఒక మీనార్ నుంచి గచ్చు ఊడి కింద పడింది. బస్సుల పొగ, బండ్ల అదురు ఆ సున్నానికి మంచివి కావు. మోటార్లను దూరం పెట్టండి, బేషక్! కానీ జామపండ్ల తోపుడు బండికి సైలెన్సర్ ఎక్కడుంది? అత్తరు సీసాలు అమ్మే ముసలాయన ఏ మీనార్‌ని కదిలించాడు? లాడ్ బజార్‌లో నిప్పు సెగకి లక్క మెత్తబరిచి, వేడి ఆరకముందే నగీనాలు పొదిగే చేతుల వల్ల ఏ గోడ పగిలింది?

పైగా ఇది రహమ్ అడుక్కునే ముచ్చట కాదు, హక్కు. 2014 వీధి వ్యాపారుల చట్టం సాఫ్‌గా చెబుతోంది: సర్వే పూర్తయి, సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు. అందానికి కొలత ఫొటో అయితే, మొదట చెరిగిపోయేది గరీబోడి రోజీ రోటీయే.

ఇంకో మాట దిల్‌లో గుచ్చుకుంటుంది. బయల్దేరే ముందు దోస్త్‌కి ఇంటి నుంచి ఫోన్ వచ్చిందట: "పాతబస్తీ కదా, జాగ్రత్త." ఆ రోజు గాజుల దుకాణంలో బేరం కుదరకపోయినా, దుకాణదారు ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. అది మాత్రం ఆయన ఫొటోల్లో లేదు.

దోస్త్, మళ్లీ రా. ఈసారి పైకి ఎక్కొద్దు. కింద నిలబడు. నాలుగు కమాన్ల కిందా నడిచేవాళ్లను చూడు. షహర్ వాళ్లే. మీనార్లు ఆ షహర్‌కి నిషానీ మాత్రమే.