పెరటితోటయు వేసవి దాహమును

ప్రత్తితీత ముగిసి మార్చి మాసము ప్రవేశించునప్పటికి గుంటూరు, ప్రకాశము సీమలలో ఊరూర మిరపకల్లములు పరచుకొనును. బాటను పోవువారికి ఆ యెఱుపు కన్నులపండువుగా నుండును. కల్లమున కూర్చుండి తాలుకాయలేరు స్త్రీలకో, నెత్తిమీద నెండ, ముక్కున ఘాటు, క్రింద కాగిన నేల. పరీక్షలు ముగియగానే మన విద్యార్థులలో కొందరు తల్లులతో గూడ ఆ పనికే పోవుదురు. కావున వేసవిలో నేమి త్రాగవలెను, ఏమి తినవలెనను ప్రశ్న మనకు రుచికి మాత్రమే సంబంధించినది గాదు, ప్రాణమునకును సంబంధించినది.

ఇది అతిశయోక్తి గాదు. 2015వ సంవత్సరము మే మాసమున వీచిన వడగాడ్పులకు మన దేశమున రెండువేల మందికి పైగా మరణించిరి. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములవారే. పలనాటి రెంటచింతల యెండలకు ఎంత పేరుపడినదో మనమందర మెఱుగుదుము. అట్టి సీమలో నివసించు మనము వేసవి దాహమును అంగడి సీసాలకు విడిచిపెట్టరాదనియు, ప్రతి యింటను, ప్రతి పాఠశాలయందును ఒక చిన్న పెరటితోట యుండవలెననియు నా యభిప్రాయము.

చెమటతో నీరు మాత్రమే గాక ఉప్పును దేహమును విడిచిపోవును. ఎండలో చిరకాలము పనిచేయువానికి వట్టి నీరు చాలదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున బనగాఁవ్ శరణార్థి శిబిరమున కలరా చెలరేగినప్పుడు, నరములకెక్కించు ద్రవము చాలకపోగా, డాక్టరు దిలీప్ మహలనబిస్ గ్లూకోజు, ఉప్పు, సోడాఉప్పు కలిపిన నీటిని రోగులచే త్రాగించెను. అంతకు ముందు నూటికి ముప్పది వరకు నున్న మరణములు నాలుగింటి లోపునకు దిగినవి. ఉప్పుతో గూడ కొంచెము తీపి యున్నచో ప్రేవులు నీటిని త్వరగా గ్రహించుననుట దాని రహస్యము. లీటరు మంచినీటికి ఆరు చిన్నచెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు, రెండును తలకొట్టి కొలచి కలిపినచో ఏ యింటనైనను అట్టి పానీయము సిద్ధమగును.

మన పెద్దలకు ఈ శాస్త్రము తెలియకున్నను అనుభవము తెలియును. చిలికిన మజ్జిగలో ఉప్పు వేసి, దంచిన అల్లము, కరివేపాకు, కొత్తిమీర కలిపి, నిమ్మకాయ పిండి కల్లమునకు పంపుట వారి వాడుక. పచ్చిమామిడికాయను నిప్పులమీద కాల్చి, గుజ్జు పిసికి, బెల్లము, ఉప్పు, వేయించిన జీలకఱ్ఱపొడి చేర్చి నీటితో కలిపిన పానీయము మఱియొకటి. రాత్రి గంజిపోసి యుంచిన చల్దియన్నము, రాగి అంబలి, దోసకాయపప్పు, సొరకాయ పెరుగుపచ్చడి, ఇవన్నియు నీరు గల ఆహారములు. కడుపునకు బరువు గావు. ఎండలనుగూర్చి ప్రభుత్వము చేయు హెచ్చరికలలోను మజ్జిగ, నిమ్మనీరు, గంజి చెప్పబడుచున్నవి. అయితే వడదెబ్బ తగిలి స్పృహ తప్పినవాని నోట ఏ పానీయమును పోయరాదు. వానిని నీడకు చేర్చి, దేహమును తడిపి, విసరుచు, తక్షణమే వైద్యశాలకు గొనిపోవలెను.

"చేని గట్టున గోంగూర యుండగా పెరడేల?" యని కొందరందురు. మిరపకును ప్రత్తికిని పురుగుమందు పలుమారులు చల్లబడును. ఆ మందు గట్టుమీది ఆకునకు అంటకుండదు. కడిగినంత మాత్రమున అంతయు పోవునని నమ్మరాదు. మన పంట లోకమునకు కారము పంపుచున్నది. గుంటూరు మిరపయార్డు పేరెఱుగని వ్యాపారి లేడు. అంత పండించు మన యింట పిల్లలకు మందు తగులని గుప్పెడు ఆకుకూర దొరకకుండుట సిగ్గుచేటు గాదా? 2016 నుండి రసాయనములు లేని సేద్యమును ప్రోత్సహించుచున్న రైతు సాధికార సంస్థ గుంటూరుననే యున్నది. పేడ, ఆవుపంచితము, బెల్లము, పప్పుపిండి నీటిలో పులియబెట్టిన జీవామృతముతో పెరటి మొక్కలను పెంచుట కష్టము గాదు.

వేసవిలో త్రాగుటకే నీరు లేదు, తోటకెక్కడిదను మాట వినదగినదే. కాని కూరలు కడిగిన నీరు సొరపాదునకు చాలును. నున్నన చేయని మట్టికుండను పాదువద్ద కంఠము వరకు పూడ్చి నీరు నింపినచో, అది మెల్లగా చెమర్చి వేళ్లకు తడినిచ్చును. నీరు ఆవిరిగా పోదు. సంక్రాంతి దాటగానే విత్తిన దోస, సొర వేసవి తొలినాళ్లకు కాపునకు వచ్చును. పందిరి నీడన కొత్తిమీరయు బ్రతుకును. ఒకసారి నాటుకొనిన కరివేపచెట్టు, మునగచెట్టు ఎక్కువ నీరు కోరవు. త్రాగు పానీయమునకు మాత్రము నీటి మూలమును విచారింపవలెను. కనిగిరి, పొదిలి ప్రాంతముల భూగర్భజలములలో ఫ్లోరైడు హెచ్చు. కాచినంత మాత్రమున అది పోదు.

చుట్టమునకు సీసా పానీయమిచ్చుట మర్యాద, మజ్జిగ యిచ్చుట లోపము అను భావము మనలో పెరుగుచున్నది. మూడువందల మిల్లీలీటర్ల తీపి సీసాలో సుమారు ముప్పది గ్రాముల చక్కెర యుండును. బెల్లపు పానకమును తీపిదే గనుక దానిని పండుగకుంచి, నిత్యము మజ్జిగను త్రాగుట మేలు. చుట్టమునకు సొంత పెరటి నిమ్మకాయ పిండి యిచ్చుటకంటె మర్యాద వేఱొకటి కలదా?

ఈ భారమంతయు తల్లులపై మోపరాదు. తోటకు నీరు పోయుట, మజ్జిగ చిలుకుట మగపిల్లలకు చిన్నతనము గాదు. సోదర విద్యార్థులారా! సెలవులలో ఇల్లు చేరినప్పుడు పెరట ఒక మూల త్రవ్వి కరివేపమొక్క నాటుడు. మరునాడు మజ్జిగకుండ నొకటి కల్లమునకు మోసికొనిపోయి, మీ తల్లికి మాత్రమే గాక ఆమె ప్రక్కన కూర్చున్న కూలిస్త్రీకిని ఒక గ్లాసు పోయుడు. పాఠశాలలో మనము నేర్చిన ఆరోగ్యపాఠమునకు అదియే పరీక్ష.