నలభై ఒకటో నంబరు క్యాసెట్

గత నెల పశ్చిమ గోదావరి జిల్లాలోని ఒక ఊరి నుంచి మా పత్రికకు ఉత్తరం వచ్చింది. రాసినామె మా పాత చందాదారు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరైన వాళ్ల నాన్నగారు కిందటేడు పోయారు. ఇల్లు అమ్మకానికి పెట్టారు. పుస్తకాలు ఒక గ్రంథాలయం తీసుకుంది. మిగిలింది ఇనప బీరువా నిండా సినిమాలు. వీడియో క్యాసెట్లు, వీసీడీలు, డీవీడీలు, కొన్ని బ్లూరేలు, అన్నీ కలిపి మూడు వందల దాకా. సాంఘికాలూ కుటుంబ కథలూ ఆ బీరువాలో లేవు. అన్నీ సైన్స్ ఫిక్షన్, సూపర్ హీరో సినిమాలే. "గ్రంథాలయం వాళ్లు, ఇవన్నీ పిల్లల సినిమాలమ్మా, మాకెందుకు అన్నారు. పాత సామాన్ల బండతను కిలో లెక్కన తీసుకుంటానంటున్నాడు. వేసెయ్యమంటారా, వద్దా? ఒక్క మాట రాయండి" అని అడిగారామె.

వెయ్యొద్దు. కార్డు ముక్క మీద ఆ ఒక్క మాట రాసి పంపితే సరిపోయేదే. కానీ మనసు ఒప్పక బస్సెక్కి వెళ్లాను. రెండు రోజులు ఆ బీరువా ముందు కూర్చున్నాను. ఈ నెల సంపాదకీయం దాని గురించే.

బీరువా తలుపు తీయకముందే, దాని పైన దుమ్ము పట్టి ఉన్న లాంగ్ నోట్‌బుక్కు నన్ను కట్టిపడేసింది. ఒక్కో సినిమాకు ఒక్కో వరుస. నంబరు, సినిమా పేరు, విడుదలైన ఏడు, దర్శకుడు, ఎక్కడ కొన్నది, ఎంతకు కొన్నది, ఎవరికి ఇచ్చింది, ఎప్పుడు తిరిగొచ్చింది. తిరిగి రానివాటి కింద ఎర్ర సిరాతో గీత. ఆ పుస్తకంలో 1వ నంబరు మాయాబజార్. సైన్స్ ఫిక్షన్ జాబితాకు అది మొదటి నంబరేమిటా అనుకుని పక్కనున్న గడి చూస్తే, ఒకే ఒక్క మాట రాసి ఉంది: ప్రియదర్శిని. శశిరేఖ మూత తెరిస్తే ఎక్కడో ఉన్న అభిమన్యుడు కళ్లెదుట కనిపించే పెట్టె. 1957లో దర్శకుడు కె.వి. రెడ్డి, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ కలిసి మనకు చూపించిన యంత్రం అది. దాన్ని మనం మాయ అన్నాం. ఈ మాస్టారు యంత్రం అన్నారు. నాలుగు పేజీలు తిప్పితే 41వ నంబరు దగ్గర ఆదిత్య 369. పక్కన "1 చూడు" అని రాశారు. ఎందుకో ఒక నిమిషం ఆలోచిస్తే గాని తట్టలేదు. 1991లో ఆదిత్య 369 తీసిన సింగీతం శ్రీనివాసరావు, అంతకు ముప్ఫై నాలుగేళ్ల ముందు మాయాబజార్‌కు కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడు. ప్రియదర్శిని దగ్గర మొదలైన దారి, కృష్ణదేవరాయల 1526కూ అణుయుద్ధం తర్వాతి 2504కూ తీసుకెళ్లిన కాలయంత్రం దాకా ఎలా వచ్చిందో రెండు ముక్కల్లో చెప్పేశారాయన. తెలుగు సినిమా చరిత్ర మీద పెద్ద పెద్ద పుస్తకాలు చదివాను గానీ, ఇంత పొదుపుగా రాసిన వ్యాఖ్య నాకు తగల్లేదు.

ఇంటి సేకరణ గొప్పతనం నాకు అక్కడ అర్థమైంది. సినిమాలు ఎన్ని ఉన్నాయన్నది తర్వాతి సంగతి. ఏ సినిమా పక్కన ఏ సినిమా పెట్టారన్నది చూడాలి. ఈయన 1978 నాటి సూపర్‌మ్యాన్ పక్కన 1980 నాటి మన సూపర్‌మేన్ పెట్టారు. మొదటిదానికి రిచర్డ్ డానర్ దర్శకుడు, క్రిస్టఫర్ రీవ్ కథానాయకుడు. రెండోదానికి వి. మధుసూదనరావు దర్శకుడు, ఎన్.టి. రామారావు కథానాయకుడు. పేరు ఒకటే, నింగిలో ఎగరడం ఒకటే. బలం ఎక్కణ్ణుంచి వచ్చిందన్న దగ్గర మాత్రం రెండూ చెరో దారి పట్టాయి. అమెరికా కథలో అది వేరే గ్రహం నుంచి వచ్చింది. తెలుగు కథలో ఆంజనేయస్వామి ఇచ్చాడు. రామారావుగారి సూపర్‌మేన్ దుస్తుల్ని చూసి నవ్వేవాళ్లను నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. నాకెప్పుడూ నవ్వు రాలేదు. మనిషికి మించిన బలం అనగానే మన ఊళ్లో పిల్లాడికి గుర్తొచ్చేది ఎవరో ఆ సినిమా తీసినవాళ్లకు తెలుసు. 2024 సంక్రాంతికి ప్రశాంత్ వర్మ హనుమాన్ వచ్చినప్పుడు జనం పిల్లాజెల్లలతో థియేటర్లకు కదిలారంటే, ఆ తలుపు నలభై నాలుగేళ్ల కిందటే తెరిచి ఉంది. మాస్టారు ఆ సినిమా హాల్లో చూసొచ్చి నోట్‌బుక్కులో చివరి పేజీలో ఎక్కించారు. నంబరు వేయలేదు. "డిస్కు దొరకలేదు. 17 చూడు" అని ఉంది. 17వ నంబరు రామారావుగారిదే.

ఈ సినిమాలన్నీ ఫోనులో దొరుకుతున్నప్పుడు బీరువాలో ఎందుకని చాలామంది అడుగుతారు. హక్కుల గడువు తీరిన రోజున ఓటీటీలో నిన్న ఉన్న సినిమా ఇవాళ ఉండదు. అది అందరికీ అనుభవమే. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. సైన్స్ ఫిక్షన్ సినిమాను తీసినవాళ్లే మళ్లీ మళ్లీ మార్చేస్తుంటారు. కొత్త సాంకేతికత రాగానే పాత బొమ్మ చిన్నబోయినట్టు అనిపిస్తుంది కాబోలు. రిడ్లీ స్కాట్ బ్లేడ్ రన్నర్ 1982లో ఒక రకంగా, 1992లో ఇంకో రకంగా, 2007లో మరో రకంగా వచ్చింది. స్టార్ వార్స్‌కు 1997లో జార్జ్ లూకస్ కంప్యూటర్ బొమ్మలు కలిపి, కొత్త దృశ్యం చేర్చి విడుదల చేశాక, 1977లో లోకమంతా ఊగిపోయి చూసిన అసలు రూపం అంగట్లో దొరకడమే గగనమైంది. 2006లో ఒకసారి డీవీడీతో పాటు అదనపు డిస్కుగా ఇచ్చారు. అదీ పాత లేజర్ డిస్కు కోసం తయారు చేసిన ప్రతి నుంచే.

బీరువా రెండో అరలో స్టార్ వార్స్ క్యాసెట్ ఉంది, ఆ మార్పులకు ముందుది. న్యూజెర్సీలో ఉన్న మేనల్లుడు పంపాడట. అమెరికా క్యాసెట్ ఎన్‌టీఎస్‌సీ పద్ధతిది, తెరకు 525 గీతలు. మన డెక్కులు పాల్ పద్ధతివి, 625 గీతలు. పెడితే బొమ్మ రంగు లేకుండా పైకీ కిందికీ దొర్లిపోయేది. రెండు పద్ధతులూ ఆడించే డెక్కు కొనడానికి ఆయనకు నాలుగేళ్లు పట్టింది. నాలుగేళ్లూ ఆ క్యాసెట్‌ను వారానికోసారి తీసి, అట్ట చూసుకుని, మళ్లీ పెట్టేవారని వాళ్లమ్మాయి చెప్పింది. గోదావరి జిల్లాలో ఒక పాలిటెక్నిక్ మాస్టారి బీరువాలో, తీసినవాళ్లే వద్దనుకున్న సినిమా భద్రంగా ఉంది. దాన్ని కిలో లెక్కన ఎలా తూస్తాం?

ఇలాంటి బీరువాల విలువ తెలియాలంటే మెట్రోపొలిస్ కథ తెలియాలి. ఫ్రిట్జ్ లాంగ్ తీసిన ఆ జర్మన్ సినిమా 1927 జనవరిలో బెర్లిన్‌లో విడుదలైంది. ఆకాశాన్నంటే మేడలు, భూమి కింద కార్మికుల నగరం, మనిషి రూపంలో యంత్రకన్య. తర్వాతి తరాల సైన్స్ ఫిక్షన్ సినిమాలు దాని బాకీ ఇంకా తీరుస్తూనే ఉన్నాయి. నిడివి ఎక్కువైందని విడుదలైన కొద్ది నెలలకే పావువంతు కోసేశారు. కోసిన ముక్కలు పోయాయి. ఎనభై ఏళ్లు ప్రపంచం ఆ కుంటి సినిమానే చూసింది. కానీ కోతకు ముందున్న ప్రతి ఒకటి, అడోల్ఫో విల్సన్ అనే పంపిణీదారు చేతుల మీదుగా 1928లో అర్జెంటీనా చేరింది. అక్కడ మాన్యుయెల్ పెన్యా రోడ్రిగెజ్ అనే సినిమా విమర్శకుడు దాన్ని తన సొంత సేకరణలో దాచుకున్నాడు. ఆ తర్వాత చేతులు మారి, 16 మిల్లీమీటర్ల ఫిల్ము మీదికి నకలై, 1992లో బ్యూనస్ ఎయిర్స్ సినిమా మ్యూజియంకు చేరింది. అక్కడా ఎవరూ పట్టించుకోలేదు. ఫిల్మ్ క్లబ్బులో ఎప్పుడో ఆడించినప్పుడు ఈ సినిమా ఎంతకీ అయిపోలేదన్న మాట ఒక పరిశోధకుడి చెవిన పడి, 2008లో డబ్బాలు తెరిచారు. పోయిందనుకున్న ఇరవై అయిదు నిమిషాల దాకా అందులో ఉంది. 2010లో బాగుచేసిన ప్రతి మళ్లీ బెర్లిన్‌లో ఆడింది.

ఆ ప్రతిని చూసినవాళ్లకు తెలుసు, అర్జెంటీనా నుంచి వచ్చిన ముక్క తెర మీదికి రాగానే గుర్తుపట్టొచ్చు. వాన కురిసినట్టు నిలువు గీతలు. ఎంత తుడిచినా పోలేదు. నాకు మాత్రం ఆ గీతలున్న చోటే గుండె ఝల్లుమంటుంది. ఒక మనిషి తన ఇంట్లో దాచిపెట్టకపోతే ఆ గీతలైనా ఉండేవి కావు.

జార్జెస్ మెలియెస్ 1902లో తీసిన చంద్రయాత్ర సినిమా సంగతీ అంతే. అప్పులపాలైన మెలియెస్ 1923లో తన నెగెటివ్‌లను తనే తగలబెట్టుకున్నాడు. చేత్తో రంగులద్దిన ఆ సినిమా ప్రతి ఒకటి, పేరు చెప్పుకోని దాత ఎవరో ఇవ్వగా 1993లో బార్సిలోనాలో బయటపడింది.

మన సంగతి చూసుకుంటే, 1932 నాటి మన తొలి పూర్తి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద ప్రతి మనకు మిగల్లేదు. ఎవరి ఇంటి అటక మీదా దొరకలేదు. భక్తి సినిమాకే దిక్కు లేకపోతే, పిల్లల సినిమా అని పక్కన పెట్టేసినవాటికి ఎవరు దిక్కు?

సాహిత్య పత్రికగా మాకు ఇందులో మరో బాధ్యత కూడా ఉంది. మూడో అర నిండా తెలుగు డబ్బింగ్ డిస్కులే. 2002 నాటి స్పైడర్‌మ్యాన్ వీసీడీ పెట్టి, ఆ ఇంట్లో ఇంకా పనిచేస్తున్న ప్లేయరు మీద గంటసేపు విన్నాను. చూశాను అనడం లేదు, విన్నాను. డబ్బింగ్ మాటలు రాయడం ఎంత కష్టమో రాసినవాళ్లకే తెలుసు. తెర మీద పెదవులు కలిసిన చోట ప, బ, మ లాంటి అక్షరం పడాలి. ఇంగ్లిషు మాట చాలాసార్లు హల్లుతో ఠక్కున ఆగుతుంది. తెలుగు మాట ఎక్కువగా అచ్చుతో ముగుస్తుంది, నోరు తెరిచే ఉంటుంది. నోరు మూసిన నటుడి మీద నోరు తెరిచే భాషను కూర్చాలి. పైగా అర్థం పోకూడదు, పక్కింటి కుర్రాడు మాట్లాడినట్టుండాలి. ఇది అనువాదమే, కొలతలు ఇచ్చి చేయించే అనువాదం. నవల అనువదించినవాళ్ల పేరు అట్ట మీద వేస్తాం. ఇక్కడ నేను తిరగేసిన డబ్బింగ్ డిస్కుల అట్టల మీద ఒక్కదానికీ మాటల రచయిత పేరు కనబడలేదు. మన పిల్లలు రెండు తరాలుగా ఈ తెలుగు వింటూ పెరిగారు. దీని మీద ఒక మంచి వ్యాసం మా పత్రికా వేయలేదు. ఆ లోటు ఈ ఏడాదే తీరుస్తాం. డబ్బింగ్ మాటలు రాసినవాళ్లు, గొంతు ఇచ్చినవాళ్లు మాకు రాయండి. ఎంత నిడివైనా వేస్తాం.

ఇళ్లలో ఇలాంటి బీరువాలున్నవాళ్లకు, ఆ రెండు రోజుల్లో నేను నేర్చుకున్నవి రెండు మూడు చెబుతాను. సీడీ, వీసీడీల మీద బొమ్మ ఉండేది మెరిసే వైపు అనుకుంటాం. నిజానికి సమాచారం ఉన్న పల్చటి అల్యూమినియం పొర పేరు ముద్రించిన వైపే, ఒక పూత కింద ఉంటుంది. కింది వైపు చిన్న గీత పడితే చాలాసార్లు ఆడుతుంది. పై వైపు గీరుకుపోతే బొమ్మే లేచిపోతుంది. అందుకే పేరు వైపు పెన్నుతో రాయకండి, అట్టముక్కలు అంటించకండి. డీవీడీలో ఆ పొర రెండు పలకల మధ్య ఉంటుంది కాబట్టి కాస్త నయం. తుడిచేటప్పుడు మెత్తటి నూలుగుడ్డతో నడిమి నుంచి అంచుకు తుడవాలి, గుండ్రంగా కాదు. క్యాసెట్లకు మన కోస్తా గాలి పెద్ద శత్రువు. మూత ఎత్తి టేపు చూడండి. చుట్ట మీద తెల్లటి బూజు కనిపిస్తే దాన్ని డెక్కులో పెట్టొద్దు. బూజు హెడ్డుకు అంటుకుని, ఆ తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది. ముందు బాగుచేయించాలి, ఆ తర్వాతే కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. మాస్టారి క్యాసెట్లలో పదకొండింటికి బూజు పట్టింది. మిగతావి, ఆశ్చర్యం, నిన్న కొన్నట్టున్నాయి. ఏటా దసరా సెలవుల్లో ఒక్కోటీ ముందుకు వెనక్కూ పూర్తిగా తిప్పేవారట.

బీరువా అమ్మడం లేదు. వాళ్లమ్మాయి హైదరాబాద్ ఫ్లాట్‌లో హాలు గోడకు చోటు చేస్తున్నారు. నోట్‌బుక్కు నకలు ఒకటి మా కార్యాలయానికి ఇచ్చారు. వచ్చే సంచికలో కొన్ని పేజీలు అచ్చువేస్తాం.

ఒక్క క్యాసెట్ మాత్రం లేదు. 41వ నంబరు. దాని ప్లాస్టిక్ పెట్టె ఖాళీగా ఉంది. ఆదిత్య 369 కొత్త డిస్కు ఆయన తర్వాత కొనుక్కున్నారు. 2025 ఏప్రిల్‌లో ఆ సినిమా 4కెలో మళ్లీ థియేటర్లకు కూడా వచ్చింది. కనుక సినిమా ఎక్కడికీ పోలేదు. కానీ నోట్‌బుక్కులో ఆ వరుస కింద సన్నటి అక్షరాలతో "చివర్లో మన పిల్లల నాటిక, 22 నిమిషాలు" అని ఉంది. సినిమా అయిపోగా టేపు మిగిలితే, మళ్లీ రికార్డు కాకుండా క్యాసెట్ వెనక విరగ్గొట్టి ఉండే చోట సెల్లోటేపు అంటించి, పెళ్లి వీడియోలు తీసే కుర్రాడి చేత పాలిటెక్నిక్ పిల్లల కాలయంత్రం నాటిక తీయించి అందులోకి ఎక్కించారు. అందులో అట్టపెట్టె తొడుక్కుని రోబో వేషం వేసింది ఆయన తొమ్మిదేళ్ల కూతురు. 1999 మార్చిలో ఎవరో విద్యార్థి పట్టుకెళ్లాడు. గడిలో పేరు తడిసి చెరిగిపోయింది. కింద ఎర్ర గీత.

క్యాసెట్ వీపు మీద నీలం సిరాతో 41 అని రాసి, చుట్టూ సున్నా చుట్టి ఉంటుంది. వెనక సెల్లోటేపు ముక్క ఉంటుంది. మీ ఇంట్లో ఉంటే డెక్కులో పెట్టకండి, ముందు మూత ఎత్తి బూజు చూడండి. మా కార్యాలయానికి కబురు చేయండి, మనిషిని పంపుతాం.