మామునూరు ఆకాశంలో గీతలు గీసేదెవరు?

పొలానికి హద్దు పెడితే రాయి పాతుతారు. ఊరికి హద్దు పెడితే నక్షాలో చూపిస్తారు. రాష్ట్రానికి హద్దు పెట్టాలంటే ఏం జరుగుతుందో మనకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. ఆకాశంలో గీసే హద్దు మాత్రం కంటికి కనబడదు, పహాణీలోకి ఎక్కదు, దండోరా వేసి ఎవరూ చెప్పరు. అయినా దాని కిందున్న రైతు ఏం చేయొచ్చో, ఇల్లు కట్టుకునేవాడు ఎన్ని అంతస్తులు లేపొచ్చో ఆ గీతే నిర్ణయిస్తుంది.

వరంగల్ మామునూరు విమానాశ్రయానికి 2025 ఫిబ్రవరి 28న కేంద్రం అనుమతి ఇచ్చినప్పటి నుంచి మన వాట్సాప్ గ్రూపుల్లో పండగే. పండగ చేసుకోవాల్సిందే. 1930లో నిజాం జమానాలో కట్టిన విమానాశ్రయం అది. 1980ల తొలినాళ్లలో మూతపడ్డాక నలభై ఏళ్లకు పైగా గడ్డి మొలిచింది. ఇప్పుడు రన్‌వే ఎంత పొడుగు, టెర్మినల్ ఎట్లుంటది, మొదటి విమానం ఎక్కడికి అని మాట్లాడుకుంటున్నాం. దాని చుట్టూ ఆకాశం ఎట్లా మారుతుందని మాత్రం ఎవరూ అడగడం లేదు. నేను ఈ వ్యాసం రాస్తున్నది ఆ ప్రశ్న అడగడానికే.

ముందు సంగతేంటో చెప్పుకుందాం. విమానాశ్రయం చుట్టూ కొంత ఆకాశాన్ని నియంత్రిత గగనతలం అంటారు. అంతర్జాతీయ లెక్కల్లో ఏ నుంచి జీ దాకా తరగతులున్నాయి. జీ తరగతి ఆకాశంలో ఎవరి అనుమతీ అడగకుండా ఎగరొచ్చు. డీ తరగతిలోకి అడుగుపెట్టాలంటే కంట్రోల్ టవర్ సరేననాలి. దిగే విమానానికి, ఎక్కే విమానానికి మధ్యలో ఎవరూ అడ్డం రాకుండా చూడటం దీని పని. ప్రాణాలతో కూడిన విషయం కాబట్టి దీన్ని వద్దనేవాళ్లు ఎవరూ ఉండరు. అసలు పేచీ ఎంత ఆకాశం, ఏ ఎత్తు నుంచి, ఏ గంటల్లో, ఎవరిని అడిగి అన్న దగ్గరే.

నేను ఉండేది ఇంగ్లండ్‌లో, హాంప్‌షైర్ జిల్లా బేసింగ్‌స్టోక్‌లో. మాకు దగ్గర్లోనే ఫార్న్‌బరో విమానాశ్రయం ఉంది. 1908లో బ్రిటన్‌లో మొదటి విమానం ఎగిరింది అక్కడే. ఇప్పుడది సొంత విమానాల్లో తిరిగే ధనవంతుల విమానాశ్రయం. మనలాంటివాళ్లం టికెట్ కొనుక్కుని ఎక్కే విమానాలు అక్కడ ఉండవు. ఆ విమానాశ్రయం తన చుట్టూ డీ తరగతి గగనతలం కావాలని అడిగింది. దానికి మరో పక్కన లాషమ్ అనే చోట పెద్ద గ్లైడర్ క్లబ్ ఉంది. ఇంజిన్ లేకుండా గాలి ఆసరాతో ఎగిరేవాళ్లు వాళ్లు. విమానాశ్రయానికి అంత ఆకాశం ఇస్తే మిగిలిన ఇరుకు సందుల్లో మేమంతా కుక్కుకుని ఎగరాలి, అప్పుడు మాకు మేమే ఢీకొంటాం అన్నది వాళ్ల వాదన.

2014లో ప్రజాభిప్రాయ సేకరణ మొదలైంది. అభ్యంతరాలు వచ్చాయి, డిజైన్ మార్చి 2016లో మళ్లీ అడిగారు. 2018 జూలైలో ఇక్కడి పౌర విమానయాన సంస్థ సీఏఏ ఒప్పుకుంది. గ్లైడర్ క్లబ్ వాళ్లు హైకోర్టుకు పోయారు. 2019లో ఓడిపోయారు. 2020 ఫిబ్రవరి 27 నుంచి కొత్త గీతలు అమల్లోకి వచ్చాయి. కొన్నాళ్లకే కరోనా వచ్చి విమానాలే ఆగిపోయాయి. ఆకాశం పంచుకోవడం అయిపోయాక ఎగిరేవాళ్లే లేకుండా పోయారు.

ఇది చదివి "తెల్లోళ్ల దగ్గర అంతా బాగుంటుంది, మన దగ్గరే అన్యాయం" అనే పాత పాట పాడుతున్నానని అనుకోకండి. ఇక్కడ కూడా చివరికి గెలిచింది సొంత విమానాలవాళ్లే. ఆరేళ్లు పట్టింది, అయినా బలహీనుడి వైపు గీత జరగలేదు. కానీ ఆ ఓటమి దారి చూడండి. అడిగినవాడు ఎందుకు అడుగుతున్నాడో కాగితం మీద పెట్టాల్సి వచ్చింది. పటం అందరికీ చూపించాల్సి వచ్చింది. ఒప్పుకున్న సంస్థ కారణాలు రాయాల్సి వచ్చింది. ఆ కారణాలు చట్టానికి సరిపోతాయా లేదా అని జడ్జి ముందు అడిగే అవకాశం ఓ క్లబ్బుకు దొరికింది. ఇప్పుడు ఇక్కడ ఎవరు గగనతలం మార్చాలన్నా ఏడు దశలు దాటాలి. ఆ కాగితాలు ఎవరైనా చూసేలా పోర్టల్‌లో పెట్టాలి. అమలయ్యాక అనుకున్నట్టే జరిగిందా అని సమీక్ష కూడా చేయాలి. ఓడినవాడికి కూడా ఎందుకు ఓడానో తెలిసే పద్ధతి ఇది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మన ఆకాశం మీద మొదటి పెద్ద గీత గీసింది భద్రత కోసం కాదు, వ్యాపారం కోసం. శంషాబాద్ విమానాశ్రయం కోసం 2004లో చేసుకున్న ఒప్పందంలో, చుట్టూ 150 కిలోమీటర్ల వాయు దూరంలో 25 ఏళ్ల పాటు పోటీ విమానాశ్రయం రాకూడదనే రక్షణ పెట్టారు. అక్షాంశ రేఖాంశాలు పెట్టి లెక్కేస్తే శంషాబాద్ నుంచి మామునూరు సుమారు 145 కిలోమీటర్లు. ఐదంటే ఐదు కిలోమీటర్లు! ఆ వృత్తం వ్యాసార్థం కాస్త చిన్నదైనా వరంగల్ బయట ఉండేది. ఆ అంకె 150 ఎందుకైంది, 140 ఎందుకు కాలేదు అని ఓరుగల్లు ప్రజలను ఎవరైనా అడిగారా? ఉమ్మడి రాష్ట్రంలో జరిగిన ఒప్పందం అది, మనల్ని అడిగే అలవాటే లేని రోజులవి. చివరికి శంషాబాద్ నడిపే జీఎంఆర్ సంస్థ అభ్యంతరం లేదన్నాకే మామునూరుకు దారి తెరుచుకుంది. అదే వృత్తంలో ఇంకా లోపల, దాదాపు 125 కిలోమీటర్ల దూరంలో ఉన్న కర్ణాటక బీదర్‌కు 2020 ఫిబ్రవరిలోనే విమానం వచ్చింది. అంటే గీత రాయి మీద చెక్కినది కాదు. గట్టిగా అడిగితే, కలిసి అడిగితే జరుగుతుంది.

ఆ గీత సంగతి తేలింది. ఇప్పుడు రాబోయే గీతల గురించి మాట్లాడాలి. అవి రెండు రకాలు.

మొదటిది డ్రోన్ల గీత. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం దేశం మొత్తాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు జోన్లుగా విడదీశారు. అంతకుముందు విమానాశ్రయం చుట్టూ 45 కిలోమీటర్ల దాకా ఉన్న పసుపు జోన్‌ను 12 కిలోమీటర్లకు తగ్గించారు. మంచి పనే. ముసాయిదాను జూలైలో జనం ముందు పెట్టి, అభిప్రాయాలు తీసుకుని ఆగస్టులో ఖరారు చేశారు. గగనతల గీతలను జనాన్ని అడిగి మార్చడం మన దేశంలోనూ సాధ్యమేనని అది రుజువు చేసింది. ఆ మరుసటి నెలలోనే మన వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు పంపే ప్రయోగం మొదలైంది.

అయితే ఆ నిబంధనల ప్రకారం, పనిచేస్తున్న విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల ఎత్తు దాటితే టవర్ అనుమతి కావాలి. 5 నుంచి 8 కిలోమీటర్ల మధ్య నేల మీద నుంచే అనుమతి కావాలి. ఇంకా లోపలికి వస్తే ఎర్ర జోన్, కేంద్రం అనుమతి లేకుండా కదలదు. మామునూరు చుట్టూ ఉన్నది పత్తి, మిర్చి, వరి పండే నేల. కైకిలికి మనుషులు దొరకని కాలంలో మందు కొట్టడానికి డ్రోన్ రైతుకు ఆసరా అవుతోంది. మహిళా సంఘాలకు డ్రోన్లు ఇచ్చే పథకాన్ని కేంద్రమే తెచ్చింది, దేశం మొత్తం మీద 15 వేల సంఘాలకు. రేపు విమానాశ్రయం మొదలయ్యాక అదే కేంద్రం గీసిన గీత లోపల ఆ అక్కలు డ్రోన్ లేపాలంటే ఎవరిని అడగాలి? ఎన్ని రోజుల ముందు? మిర్చికి తామర పురుగు పడితే అనుమతి వచ్చేదాకా ఆగుతుందా?

లెక్క చూడండి. విమానాశ్రయం విస్తరణ కోసం నక్కలపల్లి, గాడెపల్లి, మామునూరు ఊళ్లలో తీసుకుంటున్న భూమి 253 ఎకరాలు. దానికి నోటీసులున్నాయి, పరిహారం ఉంది, రేటు మీద రైతుల పోరాటం ఉంది, పేపర్లో వార్తలున్నాయి. చుట్టూ 8 కిలోమీటర్ల వృత్తమంటే తక్కువలో తక్కువ 200 చదరపు కిలోమీటర్లు, దాదాపు 50 వేల ఎకరాలు. ఆ 50 వేల ఎకరాల మీది ఆకాశం మారేటప్పుడు ఒక్క ఊరికి కూడా నోటీసు రాదు. భూమి పోవడం, డ్రోన్‌కు అనుమతి అడగాల్సి రావడం ఒకటే అని నేను అనను. కానీ 253 ఎకరాలకు ఇంత చర్చ ఉన్నప్పుడు, 50 వేల ఎకరాలకు కనీసం ఒక పటం ఉండొద్దా?

రెండోది ఎత్తుల గీత. విమానాశ్రయం నుంచి 20 కిలోమీటర్ల లోపల కట్టే కట్టడాల ఎత్తుకు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ లెక్కలున్నాయి. రంగుల పటం వేసి ఏ రంగులో ఎంత ఎత్తు దాకా అనుమతి అక్కర్లేదో చెబుతారు. మామునూరు నుంచి 20 కిలోమీటర్లంటే వరంగల్, హనుమకొండ, కాజీపేట అన్నీ వచ్చేస్తాయి. ఇక్కడ విషయం మన జేబు దాకా వస్తుంది. విమానాశ్రయం వస్తుందని విని అటువైపు ప్లాట్లు కొంటున్నవాళ్లలో మన ఎన్నారైలు తక్కువేం లేరు. బ్రోచర్‌లో విమానం బొమ్మ పెద్దగా వేస్తున్నారు. ఆ ప్లాటు ఏ రంగులో ఉందో మాత్రం వేయడం లేదు.

"నలభై ఏళ్లకు వస్తున్న విమానాశ్రయం, మీరు మళ్లీ అడ్డం పడకండి" అని కొందరు మిత్రులు అంటారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. మన దగ్గర ప్రశ్న అడిగితే పని ఆగిపోతుందనే అనుభవం ఉంది. కానీ ప్రశ్నలు ముందు అడగకపోతే గొడవలు తర్వాత వస్తాయి. కట్టిన అంతస్తు కూల్చమని నోటీసు వచ్చాక, డ్రోన్ సీజ్ అయ్యాక, కోర్టుల చుట్టూ తిరిగేది కూడా మన జనమే. నేను సాఫ్ట్‌వేర్‌లో పదిహేనేళ్లుగా చూస్తున్న నీతి కూడా అదే. డిజైన్ కాగితం మీద ఉన్నప్పుడు మార్చడం గంట పని. లైవ్‌లోకి పోయాక మార్చాలంటే ఏడాది.

ఇంకో మాట కూడా అంటారు. గగనతలం భద్రత విషయం, నిపుణులు చూసుకుంటారు, పల్లెటూరి జనానికి ఏం తెలుసు అని. ఈ మాట మనకు కొత్త కాదు. నీళ్ల లెక్కలప్పుడు విన్నాం, నిధుల లెక్కలప్పుడు విన్నాం. విమానం ఏ వాలులో దిగాలో నిపుణుడే చెప్పాలి, నిజమే. కానీ ఏ నెలలో ఏ గంటకు చేలో మందు కొడతారో రైతు చెబితేనే నిపుణుడికి తెలుస్తుంది. చిన్న విమానాశ్రయానికి మొదట్లో రోజుకు వచ్చే విమానాలు కొన్నే. విమానం లేని గంటల్లో ఆ ఆకాశాన్ని వదిలిపెట్టే పద్ధతి ప్రపంచంలో చాలాచోట్ల ఉంది. పొద్దున విమానం పోయాక సాయంత్రం విమానం వచ్చేదాకా రైతుల డ్రోన్లకు అనుమతి అని టైం టేబుల్ వేస్తే భద్రతకు వచ్చిన నష్టం ఏమీ లేదు. ఆ మాట ముందే అడిగినవాళ్లకే అది దొరుకుతుంది.

అందుకని నేను అడిగేవి నాలుగే. ఒకటి, మామునూరు గగనతలం ముసాయిదా పటం ఊరి పేర్లతో, తెలుగులో, ఖరారు చేయకముందే బయట పెట్టాలి. విమానయానంలో మార్పులు 28 రోజుల చక్రాల ప్రకారం అమల్లోకి వస్తాయి. పైలట్‌కు ముందే చెప్పే పద్ధతి ఉన్నప్పుడు రైతుకూ చెప్పొచ్చు. రెండు, వృత్తం లోపలున్న ఊళ్లలో గ్రామసభ పెట్టి, వచ్చిన అభ్యంతరాలకు రాతపూర్వకంగా జవాబివ్వాలి. మూడు, వ్యవసాయ డ్రోన్లకు రోజువారీ సమయాలు కేటాయించాలి. నాలుగు, ఏడాది తర్వాత సమీక్షించి, అక్కర్లేని ఆకాశాన్ని తిరిగి ఇచ్చేయాలి.

ఆ గీతలు వేసేది ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ, డీజీసీఏ. వాళ్లను అడిగేది మన ఎంపీలు, మన రాష్ట్ర ప్రభుత్వం. మన రాష్ట్రం మనకు వచ్చాక కూడా గీతలు ఢిల్లీలో గీసి ఇక్కడికి పంపుతుంటే, అడగని తప్పు ఇప్పుడు మనదే అవుతుంది. ఇక్కడ బ్రిటన్‌లో మన వీధిలో కొత్త షెడ్డు వేస్తున్నారంటే కౌన్సిల్‌కు అభిప్రాయం రాసేవాళ్లం మనం. ఆ అలవాటుని ఒక ఉత్తరం రూపంలో ఇంటికి పంపిద్దాం. మీ ఊరు ఆ 8 కిలోమీటర్లలో ఉందా, మీ ప్లాటు ఆ 20 కిలోమీటర్లలో ఉందా, ఈ వారాంతం పటం తీసి చూడండి. ఉంటే మీ ఎంపీకి ఈ నాలుగూ రాయండి. గ్రామసభ పెట్టమని సర్పంచ్‌కు ఫోన్ చేయండి. టెర్మినల్‌కు ఇంకా శంకుస్థాపన రాళ్లు సిద్ధమయ్యే దశలోనే ఈ మాట చెవిన పడాలి.