దగ్గర కాలేజీ చాలు... ఎవరికి?

మార్చి నెలాఖరు వచ్చిందంటే చాలు, మా అట్లాంటాలో ఏ తెలుగువాళ్ళింటికి భోజనానికి వెళ్ళినా ఒకటే ప్రశ్న. "మీ అమ్మాయికి ఎక్కడొచ్చింది?" ఈ ఏడు ఆ ప్రశ్న మా ఇంటికీ వచ్చింది.

మా అమ్మాయికి రెండు చోట్ల సీటొచ్చింది. ఒకటి విమానమెక్కి వెళ్ళాల్సినంత దూరంలో, పేరు చెబితే అందరూ "అబ్బో" అనే ప్రైవేటు కాలేజీ. ఫీజు, హాస్టలు, తిండి అన్నీ కలిపి ఏడాదికి దాదాపు 90,000 డాలర్లు. రెండోది ఏథెన్స్‌లో ఉన్న యూనివర్సిటీ ఆఫ్ జార్జియా. మా ఇంటి నుంచి కారులో గంటన్నర.

ఇక్కడ 1993 నుంచి రాష్ట్రం లాటరీ డబ్బుతో హోప్ స్కాలర్‌షిప్ ఇస్తోంది. ఇంకా బాగా చదివేవాళ్ళకి జెల్ మిల్లర్ స్కాలర్‌షిప్ ఉంది. అది వస్తే ట్యూషన్ ఫీజు కట్టక్కర్లేదు. అందరూ "ఫ్రీ" అంటారు గానీ హాస్టలు, భోజనం, పుస్తకాలు మనవే. కాలేజీలో జీపీఏ 3.3కి తగ్గకుండా చూసుకోవాలి కూడా.

మావారు ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "ఫ్రీగా వస్తుంటే దూరం దేనికి? ఆడపిల్ల, కళ్ళెదురుగా ఉంటుంది" అన్నారు.

గిన్నెలు సర్దుతున్న అమ్మాయి వెనక్కి తిరక్కుండానే అడిగింది. "అన్నయ్యకి కూడా జెల్ మిల్లర్ వచ్చింది కదా నాన్నా?"

ఇద్దరం మాట్లాడలేదు. నాలుగేళ్ళ క్రితం అప్పు చేసి మరీ అబ్బాయిని దూరం పంపాం. "ఇంత పేరున్న కాలేజీ మళ్ళీ వస్తుందా" అన్నది ఈయనే. తలూపింది నేనే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బి.ఏ. తెలుగు అయ్యాక నాకు హైదరాబాదులో ఎం.ఏ. సీటొచ్చింది. "అంత దూరం ఎందుకమ్మా, చదివింది చాలు" అన్నారు నాన్నగారు. ఆ ఉత్తరం చాలా ఏళ్ళు బీరువాలో చీరల కింద ఉంది. అందుకే, ఎలాగైనా సరే దీన్ని దూరం పంపాల్సిందే అనిపించింది. తెల్లారేసరికి ఇంకో సందేహం. ఆ కోరిక దానిదా, నాదా? నా ఎం.ఏ. కోసం 3,60,000 డాలర్లు ఖర్చు పెట్టమనడమూ న్యాయం కాదు.

ఆదివారం ముగ్గురం కాగితం, పెన్ను పెట్టుకుని కూర్చున్నాం. అబ్బాయి చదువుకి చేసిన అప్పు ఇంకా ఎంతుందో మొదటిసారి దానికి చూపించాం. తను డాక్టరవ్వాలనుకుంటోంది. ఈ నాలుగేళ్ళ తర్వాత మెడికల్ స్కూలు ఇంకో నాలుగేళ్ళు, అసలు ఖర్చు అక్కడే. లెక్కంతా చూసి "అయితే ఏథెన్సే వెళ్తాను. కానీ అన్నయ్యకి పెట్టినంతా నా మెడికల్ స్కూలుకి పెట్టాలి. హాస్టల్లో ఉంటాను, ప్రతి శనివారం రమ్మనకూడదు" అంది. మావారు కాసేపు ఆ కాగితం వంక చూసి, కింద సంతకం పెట్టారు. అదిప్పుడు మా ఫ్రిజ్ మీద ఉంది.

నన్నడిగితే ఫ్రీ సీటే మంచిది. పద్దెనిమిదేళ్ళ పిల్ల నెత్తిన అప్పు లేకపోవడం కన్నా పెద్ద పేరేముంది? కానీ ఆ మాట అనేముందు రెండు విషయాలు ఆలోచించండి. కొడుకైతే ఇదే మాట అనేవాళ్ళమా? మిగిలిన డబ్బు ఎవరిది? అన్న అప్పుకో, కొత్త ఇంటికో, దాని పెళ్ళికో అని మనసులో రాసేసుకుంటే అది ఫ్రీ సీటు కాదు. ఆ పిల్ల దగ్గర మనం తీసుకున్న అప్పు. అది మిగిల్చిన డబ్బు దాని చదువుకే ఉండాలి.

మే 1 లోగా చాలా ఇళ్ళలో ఈ లెక్కలు తేలాలి. మీ ఇంట్లోనూ ఉంటే, ఆ కాగితం ముందు అమ్మాయిని కూడా కూర్చోబెట్టండి.