ఊఁ కొట్టడం ఒప్పుకోవడం కాదు

కథ చెప్పేవాళ్ళకి ఊఁ కొట్టేవాళ్ళు కావాలి. పిల్లలు ఊఁ కొట్టడం ఆపేశారంటే నిద్రపోయారని లెక్క. ఊఁ అంటే "వింటున్నాను, తర్వాత?" అని మాత్రమే. కథలో రాజుగారు చేసిన పనికి మనం ఒప్పుకున్నామని కాదు. ఇంత చిన్న సంగతి ఆఫీసు కాన్ఫరెన్స్ కాల్స్‌లో ఎంత ఖరీదైనదో, బ్రిటన్‌కీ హైదరాబాదుకీ మధ్య ప్రాజెక్టులు నడిపే మనవాళ్ళని అడిగితే చెబుతారు.

సాధారణంగా జరిగేది ఇది. రెడింగ్‌లోనో స్లౌలోనో కూర్చున్న మేనేజరు "శుక్రవారానికి ఇచ్చేస్తారుగా?" అని అడుగుతాడు. మాదాపూర్ నుంచి "యా, యా, ఓకే" అని వినిపిస్తుంది. పని ఒప్పుకున్నారని ఆయన రాసుకుంటాడు. అవతలి అబ్బాయి ఉద్దేశం మాత్రం "మీరన్నది విన్నాను" అని. శుక్రవారం వస్తుంది, పని పూర్తికాదు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు. అయినా మాట తప్పాడన్న పేరు మనవాడికే మిగులుతుంది, ఏడాది చివర అప్రైజల్ దాకా వెంటవస్తుంది.

ఎదురుగా కూర్చుంటే ఈ తేడా మొహంలో తెలిసిపోతుంది. ఫోనులో మొహం ఉండదు. వీడియో ఉంది కదా అంటారా? పదిమంది ఉన్న కాల్‌లో ఎన్ని కెమెరాలు ఆపేసి ఉంటాయో మీకూ తెలుసు. ఆ కాసేపూ అదీ ఫోనే.

పైగా యంత్రం కూడా తన వంతు అన్యాయం చేస్తుంది. మామూలు సంభాషణలో ఒకరు ఆపిన తర్వాత రెండోవారు అందుకోవడానికి పట్టే సమయం సుమారు 200 మిల్లీసెకన్లు. పది భాషల మీద 2009లో వెలువడిన ఒక పరిశోధన తేల్చిన సంగతి ఇది. ఇప్పుడు మాట ఒకవైపు వెళ్ళడానికే 200 మిల్లీసెకన్లు పట్టే లైను ఊహించుకోండి. రాను 200, పోను 200. అడిగినవాడికి మామూలుకన్నా మూడురెట్ల మౌనం వినిపిస్తుంది. "సరే, ఎవరికీ అభ్యంతరం లేదు" అనుకుని ముందుకెళ్ళిపోతాడు. సరిగ్గా అప్పుడే మాదాపూర్ నుంచి బయల్దేరిన "కానీ సార్..." అన్న మాట ఆయన గొంతు కింద నలిగిపోతుంది. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ఊరికే చెప్పలేదు.

ఇంకొకటి. చాలా కాన్ఫరెన్స్ బ్రిడ్జిలు అందరి గొంతులనీ కలపవు. ఆ క్షణంలో బిగ్గరగా ఉన్న రెండు మూడు గొంతులనే ఎంచుకుని మిగతావి వదిలేస్తాయి. అంటే మొహమాటంగా, మెల్లగా మాట్లాడేవాడిని మనుషులకంటే ముందు యంత్రమే పక్కన పెడుతుందన్నమాట.

మరి మొహం కనిపించని చోట, మాట మీదే ప్రాణాలు ఆధారపడేవాళ్ళు ఏం చేస్తున్నారు? విమానాల పైలట్లని చూడండి. బ్రిటన్ పౌర విమానయాన సంస్థ ప్రచురించే రేడియో సంభాషణల కరదీపిక పేరు క్యాప్ 413. అందులో "రోజర్" అంటే మీరు చెప్పినదంతా అందింది అని మాత్రమే. "విల్కో" అంటే అర్థమైంది, అలాగే చేస్తాను అని. రెండూ వేరువేరు మాటలు. ఔనో కాదో చెప్పాల్సిన ప్రశ్నకి రోజర్ అని బదులివ్వకూడదు. ఎత్తు, రన్‌వే వంటి ముఖ్యమైన సూచనలని పైలట్ తిరిగి చదివి వినిపించాల్సిందే. మన ఊఁ రోజర్. అవతలివాళ్ళకది విల్కోలా వినిపిస్తోంది. అంతే గొడవ.

కాల్ నడిపేవారు దీన్ని సులభంగా అరువు తెచ్చుకోవచ్చు. "అందరికీ ఓకేనా?" అనే ప్రశ్న మానేయండి, దానికి జవాబు ఎప్పుడూ మౌనమే. పేరుపెట్టి అడగండి. అదీ ఔను, కాదుల్లో తేలిపోయే ప్రశ్న కాకుండా "శుక్రవారానికి కావాలంటే ఏమేం అడ్డొస్తాయి?" అని అడగండి. అడిగాక మనసులో మూడు అంకెలు లెక్కపెట్టే దాకా ఆగండి. ఎవరు ఏ పని ఒప్పుకున్నారో వాళ్ళచేతనే చివర్లో చెప్పించండి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోనులో ఒకేలా వినిపిస్తాయి కాబట్టి అంకెలు విడివిడిగా పలకండి. టైము కూడా రెండు ఊళ్ళదీ రాయండి. ఇంగ్లీషువాళ్ళ "హాఫ్ త్రీ" అంటే మూడున్నర, ఒకటిన్నర కాదు. అది హైదరాబాదులో చలికాలం రాత్రి తొమ్మిది, వేసవిలో ఎనిమిది. ఆ వేళప్పుడు ఇంట్లో అన్నం చల్లారుతుంటే ఎవరైనా త్వరగా ఓకే అనేస్తారు.

మనవాళ్ళకి గట్టిగా మాట్లాడడం నేర్పిస్తే సరిపోతుందని కొందరంటారు. నేర్పితే మంచిదే. కానీ జీతాలూ ప్రమోషన్లూ చేతిలో ఉన్నవాడు అడిగినప్పుడు, నిన్న మొన్న చేరిన కుర్రాడు "కుదరదు" అనడం గొంతుకి సంబంధించిన విషయం కాదు. కాదు అనడానికి చోటు ఇవ్వాల్సింది కాల్ నడిపేవాడే.

ఈ విషయంలో నా ఫిర్యాదు ఇంగ్లీషు మేనేజర్లకన్నా, వాళ్ళ పక్కన కూర్చునే మన ఆన్‌సైట్ లీడ్‌ల మీద ఎక్కువ. అసలు కాల్ అయిపోగానే ఇంకో కాల్ జరుగుతుంది, తెలుగులో. "నిజం చెప్పు తమ్ముడూ, శుక్రవారానికి అవుతుందా?" "కష్టమే అన్నా, బుధవారం దాకా టైముంటే గానీ..." ఆ రెండో కాల్‌లో దొరికే నిజమే మొదటి కాల్‌లో క్లయింటుకి కావాల్సింది. రెండు భాషలూ, రెండు ఊఁలూ తెలిసిన మనిషి ఆ గదిలో తానొక్కడే అయినప్పుడు, "ఆయన ఓకే అన్నది విన్నానని చెప్పడానికే, పని సంగతి ఇంకోసారి అడుగుదాం" అని అక్కడికక్కడే అనడానికి పది సెకన్లు పడుతుంది. క్లయింటు ముందు ఆ మాట అనడానికి కాస్త ఇబ్బందిగా ఉంటుంది, నిజమే. కానీ ఆ ఇబ్బంది ఆయన పడకపోతే, శుక్రవారం రాత్రి మాదాపూర్‌లో ఇంకొకరు పడతారు.