దూరమనగా ఏది?

వేలూరికిని హైదరాబాదునకును నడుమ దూరమెంత అని అడిగినచో నలుగురు నాలుగు అంకెలు చెప్పుదురు. చిత్రమేమనగా నలుగురును సత్యమే పలుకుదురు. పటముపై దారము లాగి కొలిచినవానికి సుమారు 500 కిలోమీటర్లు. చిత్తూరు, పీలేరు, రాయచోటి, కడప, నంద్యాల, కర్నూలు మీదుగా బండి తోలినవానికి 600కు అటు ఇటు. రైలు తిరుపతి, రేణిగుంటలను చుట్టి పోవును గనుక దాని లెక్క ఇంకను నిడుపైనది. తొరపాడి గృహస్థునకు వీనిలో ఏదియు చాలదు. అతడు ముందుగా వేలూరంతయు దాటి, పాలారు వంతెన దాటి, కాట్పాడి స్టేషను చేరవలెను. ఏ పట్టికయు ఈ భాగమును లెక్కింపదు.

మన పెద్దలు ఆమడలతో లెక్కించెడివారు. ఆమడ ఎనిమిది మైళ్ళని కొందరు, పదియని కొందరు అనుట చూచి నవ్వువారు కలరు. మేము నవ్వము. ఎద్దుబండికి ఇసుక దారి వేరు, గట్టి బాట వేరు. ఆమడ శ్రమను కూడ కలుపుకొన్న కొలత. ఖచ్చితమైన కొలతయు మన సీమకు చేరువనే మొదలైనది. 1802లో లాంబ్టన్ దొర మదరాసు చెంత పరంగిమలై యొద్ద నూరడుగుల ఉక్కు గొలుసుతో ఏడున్నర మైళ్ళ ఆధారరేఖను కొలిచెను. ఎండకు ఉక్కు సాగునని గొలుసును నీడ పట్టున ఉంచి, ఉష్ణమాపకములను చూచుచు, ఆ కొద్ది దూరమునకే వారముల తరబడి శ్రమించెను. అటుపిమ్మట కొండ నుండి కొండకు కోణములను కొలిచి, త్రిభుజముల లెక్కచేత తక్కిన దూరములను సాధించిరి. ఆ లెక్క పక్షికి చెల్లును. ఏరు అడ్డుపడి, కనుమ మలుపులు తిరిగి పోవు బాటసారికి చెల్లదు.

అయితే గొలుసునకు అందని దూరమొకటి కలదు. 1911 వరకు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణము చిత్తూరు; వేలూరివారికి కలెక్టరు కచేరి అచటనే. ఆ సంవత్సరము చిత్తూరు జిల్లా వేరయ్యెను. 1953లో ఆంధ్రరాష్ట్రమున చేరెను. నడుమనున్న దారి నాడును నేడును సుమారు 35 కిలోమీటర్లే. కాని చిత్తూరు ‘ఆ రాష్ట్రము’ అయినది. మన యిండ్లలో ఆ మాటకు ఆమడల బరువు వచ్చినది.

కాట్పాడి నుండి రైలులో తిరుపతి సుమారు 105 కిలోమీటర్లు, చెన్నై సుమారు 130. అయినను బిడ్డను చెన్నైకి పంపుట దగ్గర, తిరుపతికి పంపుట దూరము అని తలచు తలిదండ్రులు మనలో అనేకులు. ఉద్యోగము నిమిత్తము చెన్నై పోవుటను మేము కాదనము. కాని తెలుగు చదువగోరిన పిల్లకు, 1954 నుండి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము తిరుపతిలో ఉండగా, ‘అంత దూరమా’ అని కాళ్ళకు బంధము వేయుట న్యాయమా? ప్రవేశములలో అచటి స్థానికులకు ప్రాధాన్యము కలదు. ఆ చిక్కు నిజమైనదే, ముందుగా విచారించుకొనవలసినదే. అది నియమముల చిక్కు గాని దూరపు చిక్కు కాదు. గుడియాత్తమువారికైతే పరదరామి మీదుగా చిత్తూరికి బాటయే కలదు.

ఇంట ఈ మాట వచ్చినపుడు రాష్ట్రము పేరు ప్రక్కన పెట్టి, వాకిలి నుండి వాకిలికి గంటలను లెక్కించుడు: టౌను బస్సు, రైలు కొరకు నిరీక్షణ, ప్రయాణము, అచట దిగి నడచు నడక. రెండు ఊళ్ళకును అదే కొలత వాడుడు. లెక్క చెన్నై వైపు మొగ్గినచో అటులనే పంపుడు. హైదరాబాదు నిజముగా ఒక రాత్రి ప్రయాణము; దానిని దగ్గర యనిపింప మేము ప్రయత్నింపము. తిరుపతి సంగతి వేరు. ఉదయము పోయి, పని చూచుకొని, రాత్రి భోజనమునకు ఇల్లు చేరువారు మన వీధులలోనే ఉన్నారు; వారిని అడిగి చూడుడు.